ముల్లు పడిన ఇల్లు

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో అందరం కలిసి ఒక్క మనిషి ముఖం చూస్తూ గడిపాం. ఆ మనిషి మా మామ యాకయ్య. అన్నం సగంలో వదిలితే చూశాం, మంచం మీద అటు నుంచి ఇటు ఒత్తిగిలితే చూశాం, దగ్గితే చూశాం. ఇంత జాగ్రత్తగా ఏ ఇంట్లోనూ ఎవరినీ చూసుకోరని నేను లోలోపల మురిసిపోయాను కూడా.

మాది నెల్లికుదురు. మామ ఏళ్ల తరబడి కిరాయి కారు నడిపాడు. శివరాత్రి ముందు ఛాతీలో నొప్పి వచ్చి, డాక్టర్లు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాక తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నడపడం నేర్పిందీ ఆయనే. మా ఆయన శ్యాం భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. సెలవు దొరికితేనే ఇంటికొస్తాడు. అందుకని ఇంటి ముందున్న పాత తెల్ల డీజిలు కారుకు దిక్కు నేనే అయ్యాను. మొదట్లో ఊళ్లో నవ్వారు. ఆడది నడిపే బండి ఎక్కితే నేరుగా బొందలగడ్డలోనే దిగాలన్న పెద్దమనుషులే, తర్వాత భార్యల కాన్పులకని మా గేటు ముందుకొచ్చి నిలబడ్డారు. నేనూ తక్కువ తినలేదు. అలాంటివాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి, గుంతలున్న చోట కాస్త గట్టిగానే పోనిచ్చేదాన్ని.

ఆ కారులో ఆయిల్ లైటు ఒకటుండేది. ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోతే వెలగాల్సిన ఎర్ర లైటు. దానికి బుద్ధి పుడితే వెలిగేది, లేకపోతే లేదు. మామకు దాన్ని చూస్తేనే మంట.

"లైటు చెప్పేసరికి అయ్యేదంత అయిపోతది బిడ్డా. ముల్లు ఉండాలె. ముల్లయితే దిగుకుంట దిగుకుంట చెప్తది," అన్నాడు.

శ్యాం సెలవుకు వచ్చినప్పుడు ముగ్గురం జనగామ పోయాం. హైదరాబాద్ రోడ్డు మీద పాత సామాన్ల దుకాణం ఒకటుంది. శ్యాం కొత్త మీటర్ చూశాడు. వైరు కలిపితే చాలు, రాత్రిపూట నీలంగా వెలుగుతుంది. మామ దాన్ని చేత్తో కూడా ముట్టలేదు. కింద రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఇత్తడి అంచున్న గుండ్రటి మీటర్ ఒకటి తీశాడు. తెల్లటి ముఖం, సన్నటి నల్ల ముల్లు, వెనక చుట్టలు చుట్టిన రాగి గొట్టం. అరచేతిలో బరువుగా కూర్చుంది.

"ఇది ఏ బండిదన్నా?" అని అడిగాను.

"ఏ బండిదో ఏమెరుక చెల్లె. నేను దుకాణం పట్టిన్నాడే గా డబ్బల ఉండె. ఎవ్వలు అడగలే. తీస్కపోండ్రి," అన్నాడు దుకాణం ఆయన.

శ్యాం గొణిగాడు. "కొత్తది ఉండంగ గీ తుక్కెందుకు బాపు?"

"కరెంటు ముల్లు వైరు చెప్పిందే చెప్తదిరా. దీంట్లకు ఇంజన్ల ఆయిలే ఎక్కి వస్తది. నాడి పట్టి చూసినట్టు," అన్నాడు మామ.

దాన్ని బిగించింది మానుకోటలో సోమనర్సయ్య. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోట అనే అంటాం. రైల్వే స్టేషన్ అవతల రేకుల షెడ్డు ఆయనది. ఆయిల్ ఫిల్టర్ పక్కన ఇంజన్‌కున్న లైటు స్విచ్చు విప్పి, ఆ రంధ్రంలో మూడు మూతుల ఇత్తడి ముక్క తిప్పి బిగించాడు. ఒక మూతికి పాత స్విచ్చునే మళ్లీ పెట్టాడు, ఇంకో మూతికి రాగి గొట్టం కలిపాడు. గొట్టాన్ని సైలెన్సర్ వేడి తగలకుండా పక్క నుంచి తెచ్చి, రేకు కోయకుండా రబ్బరు తొడిగి, స్టీరింగు పక్కకు లాగాడు. మీటర్ దగ్గర నట్టు కాస్త వదులుగా ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. ముందు గొట్టంలోని గాలి బుసబుసా పోయింది. తర్వాత నల్లటి ఆయిల్ చుక్క ఒకటి ఊరి నా పాదం మీద పడింది. గోరువెచ్చగా ఉంది. ఎందుకో కాలు వెనక్కి లాక్కున్నాను.

నట్టు బిగించగానే ముల్లు లేచి నిలబడి, సన్నగా వణకడం మొదలుపెట్టింది.

"ఇది మీ బండి బీపీ మీటర్ చెల్లె," అన్నాడు సోమనర్సయ్య. "సల్లగున్నప్పుడు ఎక్కువ చూపిస్తది. ఇంజన్ వేడి మీద ఉండి బండి ఆగినప్పుడు తక్కువ చూపిస్తది. పరేషాన్ గాకు. గని సున్నకు మాత్రం రావొద్దు. వచ్చిందనుకో, ఆడికాడనే బంద్ చెయ్. లేకుంటే ఇంజన్ బిగుసుకపోతది."

సెలవైపోయాక శ్యాంను నేనే భూపాలపల్లి దింపి వచ్చాను. అతను ఒక ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఆకుల మీద, గోడల మీద, ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము. ఆ ఇంటి వసారాలో ఇంటాయన తండ్రి నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. శ్యాం దిగి సంచి తీసుకుంటున్నాడు. అప్పుడు ముల్లు దిగడం మొదలుపెట్టింది.

పడిపోలేదు. ఎవరో వేలితో నొక్కుతున్నట్టు మెల్లగా దిగి, సున్నా మీద ఆగింది. వణుకు కూడా పోయింది. నేను గబుక్కున బంద్ చేశాను. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే గీత దాకా ఉంది. మళ్లీ స్టార్ట్ చేస్తే ముల్లు ఏమీ ఎరగనట్టు పైకి లేచింది. నన్ను భయపెట్టింది అది కాదు. ముల్లు సున్నా మీద ఉన్న ఆ కాసేపూ ఇంజన్ చప్పుడు ఏమాత్రం మారలేదు. ఆయిల్ అందని ఇంజన్ టకటకా కొట్టుకోవాలి. ఇది హాయిగా నడుస్తూనే ఉంది.

తలెత్తితే మంచం మీది ముసలాయన ఇటు తిరిగి ఉన్నాడు. నా వైపు కాదు, బండి వైపు చూస్తున్నాడు. చెయ్యి కొద్దిగా ఎత్తాడు, ఆగమన్నట్టు.

మర్నాడు శ్యాం ఫోన్ చేసి, ఇంటాయన తండ్రి పోయాడు, గది ముందంతా జనమేనని చెప్పాడు. అయ్యో పాపం అన్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

మా వాడలో గంగి ఉంటుంది. కూలికి పోతుంది, నాకు మంచి స్నేహం. వాళ్ల అత్తకు కిడ్నీలు పోయాయి. రక్తం శుద్ధి చేయించడానికి మానుకోట దవాఖానకు నా బండిలోనే తీసుకెళ్లేవాళ్లం. ఒకనాడు తిరిగి వచ్చి వాళ్లింటి ముందు ఆపాను. గంగి అత్తను రెండు చేతులా పట్టుకుని దింపుతోంది. ముల్లు దిగింది. అదే తీరుగా, అంతే మెల్లగా. ఇంజన్ అదే హాయిగా. గంగి తలుపు వేసి, "ఏందక్కా, గట్ల చూస్తానవ్?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

ఆ ముసలమ్మ మళ్లీ పొద్దు చూడలేదు.

నా నోరు ఊరుకోదు కదా. చావింట్లో గంగిని పట్టుకుని ఏడుస్తూ, ముల్లు సంగతి చెప్పేశాను. ఊరంతా పాకింది. నా బండి వస్తోందంటే గడపల్లో కూర్చున్న ముసలివాళ్లు లేచి లోపలికి పోయేవాళ్లు. ఆగకుండా పొమ్మని చేతులూపేవాళ్లు. ఇంకోరకం మనుషులూ ఉన్నారు. ఒకాయన తన అత్తగారింటి ముందు జర ఆపి చూడక్కా అని బతిమాలాడు. ఎందుకయ్యా అంటే, ఊరికే అన్నాడు. అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మా అత్తమ్మ మార్తమ్మకు ఇదంతా వింటే ఒళ్లు మండేది. ఆమె చర్చి మనిషి. మామ మాత్రం అన్నారం యాకూబ్ బాబా దర్గా మొక్కుతో పుట్టినవాడు, ఆ పేరు అలా వచ్చిందే. ఏటా దర్గాలో కందూరు చేసి, యాటపోతును కోసి పది మందికి పెట్టడం ఆయన మొక్కు. ఆ వంట అత్తమ్మే చేసేది. యాకూబ్ బాబా ఇంట వండితే యేసయ్య అలగడని ఆమె లెక్క.

"దేవుడు గంత చిన్న డబ్బల ఉంటడానే? నీకు పిచ్చి లేసింది. బండి పట్టుకపోయి చూపియ్యి," అని నన్ను కసిరి, గ్యాస్ పట్టిందంటూ సోడా తెమ్మని గంగిని కేకేసింది.

సోమనర్సయ్య గొట్టం విప్పి ఊదాడు, ఇత్తడి ముక్క కడిగాడు, ఆయిల్ మార్చాడు. "ఏం లేదు చెల్లె. ఇంజన్ వేడి మీద ఉండి బండి ఆగితే ముల్లు దిగుతది, చెప్పిన గద? బండి ఆగేది ఇండ్ల ముందటనే నాయె. గందుకే గట్ల అనిపిస్తాంది," అన్నాడు. అది నిజమే కదా అనిపించి మనసు తేలికపడింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు మూల మీద దుకాణం దగ్గరే దిగి, తాళంచెవి నాకిచ్చి, షెడ్డుకు నడుచుకుంటూ పోయాడు. షెడ్డు వెనకే ఆయన ఇల్లు. దాని ముందు నా బండి ఆపలేదు.

ఎండలు ముదిరాక మామను హనుమకొండ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గుండె రక్తనాళాలు పూడుకున్నాయి, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాలి, చేస్తే మంచిగా తిరుగుతాడు, చేయకపోతే మా పూచీ కాదన్నారు. మామ సరేనన్నాడు. రోజు ఖాయం చేసుకుని, అన్నం వేళకు ఇల్లు చేరాం. మామ నా పక్క సీట్లో. అత్తమ్మ వెనక నుంచి దిగి, గేటు తీయడానికి బండి ముందుకు పోయింది. ఆ గొళ్లెం ఎప్పుడూ మొరాయిస్తుంది. ఆమె దాంతో కుస్తీ పడుతోంది, నేను వేడెక్కిన ఇంజన్‌తో ఆగి ఉన్నాను.

ముల్లు దిగింది.

నేను తాళం తిప్పేశాను. ఎంత గబుక్కున తిప్పానంటే తాళంచెవి నా చేతిలోకి ఊడి వచ్చింది.

"బంద్ చేసినవు గని, నేను చూసిన," అన్నాడు మామ. గొంతులో ఏ తేడా లేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, జేబులో పెట్టుకుని దిగాడు.

ఆ సాయంత్రం ఆపరేషన్ వద్దన్నాడు. శ్యాం పరుగున వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. నేను అరిచాను. ఇంజన్ వేడి, ఆగిన బండి, సోమనర్సయ్య చెప్పిందంతా చెప్పాను. మామ వింటూ తల ఊపి, "గా రెండిండ్లల్ల గూడ గంతేనా బిడ్డా?" అన్నాడు. ఆ రెండిళ్లలోనూ పోయింది మంచం పట్టిన మనిషే. మా ఇంట్లో ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు. "పిలుపు వచ్చినంక ఛాతి కోయించుకునుడెందుకు? సుబ్బరంగ పోనియ్యిండ్రి," అన్నాడు.

తర్వాతి రోజుల్లో మామ ఏడవలేదు, కోప్పడలేదు. నట్లు విప్పే తన పానాలన్నీ నూనె గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటీ ఏ పనికో నాకు చెప్పి అప్పగించాడు. ఖాకీ చొక్కాలు ఉతికించి ఇంకో డ్రైవర్‌కు ఇచ్చేశాడు. మొక్కు మిగిలిపోకూడదని, ఏటా చేసే రోజు కన్నా ముందే అన్నారంలో కందూరు చేయించాడు. నిప్పులు చెరిగే ఎండలో అత్తమ్మే వండింది. మామ తన చేత్తో అందరికీ వడ్డిస్తుంటే, అందరం ఆయన చుట్టూ మూగి, చాలిక కూర్చో, ఆయాసం వస్తుందని బతిమాలుతున్నాం. అత్తమ్మ బండి నీడలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, అన్నం వద్దని సోడా తాగింది. పొయ్యి వేడి పడలేదంది. సరేలే అనుకున్నాను.

నాకు నాన్న చిన్నప్పుడే పోయాడు. స్టీరింగు పట్టుకోవడానికే జంకే నాకు, "బండి నిన్ను చూసి భయపడాలె గని నువ్వు బండిని చూసి కాదు," అని పక్కన కూర్చుని దారి నేర్పినవాడు మామ. ఆయన నా కళ్ల ముందే గోడ మీది పటంగా మారిపోతుంటే కోపంతో నిద్ర పట్టేది కాదు. ఆ మీటర్‌ను పెరికి చెరువులో పారేద్దామనుకున్నాను. కానీ పెరికేస్తే మామ భయం మరింత గట్టిపడుతుంది తప్ప పోదు.

దారి చూపింది అత్తమ్మే. బెండకాయలు కోస్తూ, కత్తిపీట ఆపి, దవడ రుద్దుకుంటూ అడిగింది. "సంగీతా, గా ముల్లును కింద పడకుంట ఆపొచ్చా?"

"అది మోసం కాదా అత్తమ్మా?"

"మోసమే. ఆయన బతికి ఇంటికొచ్చినంక ప్రభువును మాఫీ అడుగుత. నాతోని ఏనాడు అబద్ధమాడియ్యలే గా మనిషి. ఇప్పుడు ఆడిస్తాండు. ఏం జేస్త?" అని మళ్లీ కాయలు కోయసాగింది.

సోమనర్సయ్య రాగి గొట్టం మధ్యలో చిన్న వాల్వు పెట్టాడు. ఆయిల్ మీటర్‌కు ఎక్కుతుంది, తిరిగి దిగలేదు. అంటే ముల్లు ఒకసారి లేచిందంటే లేచినట్టే. అసలు సంగతి నాకు తెలియాలని లైటు స్విచ్చు మార్చి, స్టీరింగు కింద నాకు మాత్రమే కనిపించే చోట కొత్త బల్బు పెట్టాడు.

"బండి బంద్ చేసినా ముల్లు దిగది చెల్లె. బంద్ చేసిన బండిని మాత్రం మీ మామను చూడనియ్యకు," అన్నాడు. డబ్బులిస్తుంటే నా చేతికి తగలకుండా తీసుకున్నాడు.

మర్నాడు మామను చల్లగాలికని ఊరి చుట్టూ తిప్పి, ఎండ నెత్తికెక్కాక తెచ్చి మా గేటు ముందు ఆపాను. వెనక అత్తమ్మ కూర్చుంది. ఇంజన్ మండిపోతోంది. ముల్లు నిటారుగా నిలబడి ఉంది. నా చెమట నాకే వాసన కొడుతోంది.

"మామా, చూడు. దిగలే," అన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. వెనక నుంచి అత్తమ్మ అంది. "నేను ప్రార్థన చేసిన. వచ్చింది దాటిపోయింది. ఇగ లేచి దవాఖానకు నడువు."

మామ వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. అంతసేపు ఆమెను చూడటం నేనెప్పుడూ చూడలేదు. "సరె తియ్," అన్నాడు.

ఆపరేషన్‌కు బయల్దేరే ముందు ఒక మధ్యాహ్నం, నీళ్ల సీసా మరిచానని బండి దగ్గరికి వెళ్లాను. పొద్దుటి నుంచి ఎవరూ ముట్టని బండి. బానెట్ మీద చెయ్యి పెడితే ఎండ వేడే తప్ప ఇంజన్ వేడి లేదు. అద్దంలోంచి లోపలికి చూశాను. ఆగిపోయిన ఇంజన్ మీద ముల్లు లేచి నిలబడి ఉంది. వాల్వు నేనే పెట్టించాను, ఎందుకలా ఉందో నాకు తెలుసు. అయినా పీనుగు చెయ్యి పట్టుకుంటే నాడి కొట్టుకున్నట్టు అనిపించింది. తువ్వాలు తెచ్చి మీటర్ మీద కప్పేశాను. కప్పేటప్పుడు దాని ముఖం చూడలేదు.

హనుమకొండకు శ్యాం, నేను, మామ వెళ్లాం. అత్తమ్మ రానంది. "బర్రెనెవ్వలు చూస్తరు? నాకు కడుపుబ్బరంగ ఉంది, కార్ల పడది. మీరు పోండ్రి, నేను మోకాళ్ల మీదనే ఉంట," అంది. గేటు దగ్గర నిలబడి మామ చొక్కా గుండీ ఒకటి సరిగ్గా పెట్టింది. ఆయన ముఖం చూస్తూ ఉండిపోయాం కాబట్టి, ఆమె ముఖం ఎలా ఉందో నాకు గుర్తులేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పగానే శ్యాం అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. అత్తమ్మకు చెప్పాలని ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మోకాళ్ల మీద ఉంటానంది కదా, ప్రార్థనలో ఉందనుకున్నాను.

కాసేపటికి గంగి ఫోన్ చేసింది.

అత్తమ్మ గడపలో కూర్చుని సోడా తెమ్మందట. గంగి వెళ్లి తెచ్చేసరికి గోడకు ఒరిగి కళ్లు మూసుకుని ఉందట. కునుకు పట్టిందనుకుని గంగి సీసా పక్కన పెట్టి, బర్రెకు గడ్డి వేసి వచ్చిందట. చల్లదనం పోతుంది తాగు పెద్దమ్మా అని భుజం తట్టిందట.

గుండె జబ్బే. ఊరి డాక్టర్ అదే అన్నాడు. ఆడవాళ్లకు దవడ నొప్పిగా, గ్యాస్‌గా, ఆయాసంగా వస్తుందట, ఎన్నాళ్ల నుంచి మోస్తోందోనన్నాడు. మామకు వెంటనే చెప్పకూడదన్నారు. ఆయన లేకుండానే అత్తమ్మను బొందలగడ్డకు తీసుకెళ్లాం. పాస్టరు పాట పాడుతుండగా గుప్పెడు మట్టి వేశాను. మామను చూసుకున్నామన్న నా మురిపెం అంతా ఆ మట్టిలోనే కలిసిపోయింది.

డాక్టర్లు సరేనన్నాక మామకు చెప్పాం. ఇంటికి తెచ్చాక, గేటు ముందు బండి ఆపితే దిగకుండా కూర్చున్నాడు. శ్యాం గేటు తీయడానికి పోయాడు. గొళ్లెం మొరాయిస్తోంది.

"గా దినం మీ అత్త గాడనే నిలబడె, గేటు తీసుకుంట," అన్నాడు మామ. "బండికి ఎదురుంగ. మనమందరం నన్నే చూస్తిమి."

ఆ మాట నాకు గంగి ఫోన్ వచ్చిన క్షణమే తట్టింది. ఆయనకు తట్టకూడదని ఎంత మొక్కుకున్నానో.

"అది ఇంజన్ వేడి మామా. వాల్వు కూడా పెట్టిచ్చిన," అన్నాను. ఏడుపులో ఏదంటే అది వచ్చేసింది. "ముల్లు పడకపోవుడు నేను చేసిందే. నిన్ను మోసం చేసిన."

"నాకెరుకే బిడ్డా. నువ్వు చూపిచ్చిన నాడు పొద్దుగాలనే చూసిన. బండి బంద్ ఉంది, ముల్లు లేసి ఉంది. గంత కాలం బండి నడిపినోన్ని, గది తెల్వదా?"

"మరెందుకు ఒప్పుకున్నవ్?"

"ఎనుక సీట్ల కూసోని మీ అత్త అబద్ధం చెప్పింది. జిందగీల ఒక్కటి చెప్పని మనిషి. నా కోసానికి గంత దాక వచ్చినంక, నేను కాదంటనా?"

శ్యాం గేటు తీశాడు. ఇద్దరం చెరో పక్కన పట్టుకుని మామను లోపలికి నడిపించాం.

తొలకరి పడ్డాక మామ కాస్త తిరగగలిగాడు. అప్పుడు నన్ను అడిగింది ఒక్కటే. వాల్వు తీసేయించమన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు పూటలు అన్నం ముట్టకపోయేసరికి మానుకోటకు తీసుకెళ్లాను. సోమనర్సయ్య వాల్వు తీసి గొట్టం కలిపాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

ఇప్పుడు నేను కిరాయి నుంచి వచ్చే వేళకు మామ గేటు బయట నిలబడి ఉంటాడు. ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంటాడు. "జర ఉండనియ్యి బిడ్డా, బంద్ చెయ్యకు," అంటాడు. ఆగిన బండిలో వేడెక్కిన ఇంజన్ నడుస్తుంటుంది. ముల్లు దిగుతుంది, సున్నాకు పైన ఆగి సన్నగా వణుకుతుంది. ఆయన దాని వైపు వంగి, రావాల్సిన బస్సు కోసం చూసినట్టు చూస్తుంటాడు. ఆయన దేని కోసం చూస్తున్నాడో నాకు తెలుసు. స్టీరింగు గట్టిగా పట్టుకుని నేనూ దాన్నే చూస్తాను. పడొద్దు, పడొద్దని లోపల అనుకుంటూనే ఉంటాను.

కాసేపటికి ఆయనే వెనక్కి వాలుతాడు.

"ఇయ్యాల గూడ లేదు," అంటాడు. తర్వాత దిగి, నెమ్మదిగా లోపలికి పోయి, గుండె గోళీలు ఎక్కడ పెట్టానో అడుగుతాడు.